జీ-9 టిష్యూ కల్చర్ అరటి: 1,200 మొక్కల్లో నలభై పైగా పొట్టిగా ఉండిపోయాయి, తప్పు నేలదా ల్యాబ్‌దా?

పద్మనాభం_రైతు
మాది పద్మనాభం మండలం. జూన్ ఆఖరులో ఎకరంలో ఆరడుగుల దూరంలో 1,200 టిష్యూ కల్చర్ జీ-9 (గ్రాండ్ నైన్ రకం అరటి) మొక్కలు వేశాను. రవాణాతో కలిపి మొక్కలకే పాతిక వేలు దాటింది. ఇప్పటికి నాలుగున్నర నెలలు. తోట బాగానే లేచింది, చాలా మొక్కలు నా భుజం దాకా వచ్చాయి. కానీ మధ్యమధ్యలో కొన్ని మోకాలి ఎత్తులోనే ఆగిపోయాయి. నిన్న వరుసకి వరుస తిరిగి లెక్కపెడితే 47. ఆకులన్నీ ఒకేచోట కుక్కినట్టు, విసనకర్ర పరిచినట్టు ఉన్నాయి. నర్సరీకి ఫోన్ చేస్తే "నీ నేల తేడా, నీళ్ళు సరిగ్గా అందలేదు" అన్నారు. అదే డ్రిప్ పైపు మీద పక్క మొక్క నిండుగా ఉంటే దీనికి మాత్రం నేల ఎలా తేడా అవుతుంది? రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజువాక_వెంకీ
నాకు అర్థం కానిది ఒకటి. టిష్యూ కల్చర్ అంటే క్లోనింగ్ కదా, అన్నీ జిరాక్స్ కాపీల్లా ఒకేలా ఉంటాయనే కదా అంత డబ్బు పోసి కొంటారు. మరి ఈ 47 ఎలా తేడా వచ్చాయి?

చక్కెరకేళి_పెద్దాయన
అందుకే నేను ఆ సీసా మొక్కల జోలికి పోలేదు. మా నాన్న పెట్టిన తోట నుంచే పిలక తీసి పెడతాను. తల్లి ఏ గెల వేసిందో కళ్ళతో చూసిన మొక్క అది.

అనకాపల్లి_చెరకు
పెద్దాయనా, మీ పిలక కూడా క్లోనే. అరటికి గింజ లేదు, పిలకే గతి. మా చెరకు ముచ్చె కూడా అంతే, ఒక గడని ముక్కలు చేసి పాతితే అన్నీ దాని నకళ్ళే. సీసాలో చేస్తే క్లోనూ, పొలంలో చేస్తే కాదా?

ల్యాబ్_సీసా
ఎనిమిదేళ్ళు టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పనిచేశాను, అందులో ఆరేళ్ళు అరటే. రైతు గారి ప్రశ్నకి ముందు వెంకీ ప్రశ్నకి చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే ఇది సగం తెలిసినట్టే.

మంచి గెల వేసిన తల్లి నుంచి సూది పిలక తెస్తాం. పైపొరలు ఒలుచుకుంటూ పోతే లోపల తెల్లగా మొగ్గ కొస ఉంటుంది. దాన్ని క్లోరిన్ నీళ్ళలో కడిగి సీసాలో పెడతాం. సీసాలో ఉండేది 1962లో మురాషిగే, స్కూగ్ ఇచ్చిన లవణాల మిశ్రమం, లీటరుకి 30 గ్రాముల పంచదార, గట్టిపడడానికి అగర్, పీహెచ్ 5.8. దానికి బీఏపీ అనే సైటోకైనిన్ హార్మోను ఎక్కువ వేస్తే ఆ మొగ్గ పక్కనుంచి కొత్త మొగ్గలు పుట్టుకొస్తాయి. ఆక్సిన్ అనే ఇంకో హార్మోను వైపు తిప్పితే వేళ్ళు వస్తాయి. నాలుగేసి వారాలకోసారి మొగ్గల్ని విడదీసి కొత్త సీసాల్లోకి మారుస్తాం. ఒకటి మూడవుతుంది అనుకోండి, ఎనిమిది సార్లు చేస్తే ఒక్క ముక్క నుంచి 6,561. మేము ఎనిమిది దగ్గర ఆపేసేవాళ్ళం. ఇంకో రెండు సార్లు చేస్తే? 59,049. కొత్త పిలక తేనక్కర్లేదు, కొత్తగా వైరస్ పరీక్ష చేయించనక్కర్లేదు, సరుకు తొమ్మిదింతలు. ఆశ ఎక్కడ పుడుతుందో అర్థమైంది కదా.

సార్లు పెరిగేకొద్దీ, హార్మోను మోతాదు పెంచేకొద్దీ, కణాలు విడిపోయేటప్పుడు తప్పులు పడతాయి. తల్లి ఒకటే అయినా పిల్లల్లో కొన్ని దారి తప్పుతాయి. దీన్నే సోమాక్లోనల్ వేరియేషన్ అంటారు. జీ-9లో అందరికంటే ఎక్కువ కనిపించేది పొట్టి రకం. రైతు గారు చెప్పిన విసనకర్ర అదే అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అనే అంటున్నాను, ఇంకో చెడ్డ అనుమానం కూడా ఉంది.

రిటైర్డ్_ఏఓ
ఆ అనుమానం నాకూ వచ్చింది. బంచీ టాప్, అంటే ఆకులు గుత్తిలా కుదించుకుపోయే వైరస్ తెగులు.
రైతు గారూ, పొద్దున్నే ఎండ పడే వేళ ఆ పొట్టి మొక్కల్లో కొత్త ఆకు ఒకటి పట్టుకుని, అడుగువైపు నుంచి వెలుతురుకి పెట్టి చూడండి. నడి ఈనె మీద, ఆకు కాడ మీద ముదురాకుపచ్చ చుక్కలు, చిన్న చిన్న గీతలు తెగి తెగి ఉన్నాయా? చుక్క, గీత, చుక్క, గీత. అవి ఉంటే బంచీ టాప్ వైరస్. లేకుండా ఆకు మందంగా, కురచగా, వెడల్పుగా ఉంటే రకం తేడా. ఈ రెండిటికీ చేయవలసిన పని వేరు, కాబట్టి చూడకుండా ఏదీ పీకొద్దు.

ల్యాబ్_సీసా
ఏఓ గారి మాటకి ఇంకోటి. టేపు తీసుకుని ఒక పొట్టి మొక్క ఆకు, ఒక మంచి మొక్క ఆకు పొడవు వెడల్పులు కొలవండి.

పెందుర్తి_షేడ్‌నెట్
నర్సరీ వైపు నుంచి ఒక మాట. అందరం దొంగలం కాదు. ల్యాబ్ నుంచి మొక్క మా దగ్గరికి వచ్చేటప్పటికి వేలెడంత ఉంటుంది. సీసాలో నూటికి నూరు తేమలో పెరిగింది, ఆకు మీద మైనపు పొర సరిగ్గా ఉండదు, దాన్ని బయట పెడితే గంటలో వాలిపోతుంది. చిన్న గుంటల ప్రోట్రేలో కొబ్బరి పొట్టులో పెట్టి, పొగమంచులా నీళ్ళు చల్లుతూ, తేమ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, ఆ తర్వాత కవర్లలోకి మార్చి షేడ్‌నెట్ కింద పెంచి, అడుగు ఎత్తు, ఐదారు ఆకులు వచ్చాక రైతుకి ఇస్తాం. కవర్ల దశలో రెండుసార్లు ఏరుతాం. పొట్టివి, ఆకు మీద మచ్చలున్నవి, ఆకు అంచు వంకర్లు తిరిగినవి అక్కడే పోతాయి. కానీ జూన్‌లో గిరాకీ ఎక్కినప్పుడు, లారీ బయట నిలబడి ఉన్నప్పుడు, ఏరడం తగ్గుతుంది. అదీ నిజమే.

గాజువాక_వెంకీ
అంటే ఏరకుండా పంపినట్టే కదా గురూ.

పెందుర్తి_షేడ్‌నెట్
47 అంటే నూటికి నాలుగు. అవును, ఏరి ఉంటే అన్ని వచ్చేవి కావు. కొన్ని మాత్రం కవర్లో కనిపించవు, పొలంలో మూడు నెలలకి బయటపడతాయి.

మిద్దెతోట_మధురవాడ
మధ్యలో అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. నేను ఇంట్లో ఆర్కిడ్లకి ప్రయత్నిస్తున్నాను. జామ్ సీసాలు, ప్రెషర్ కుక్కర్, అగర్, పంచదార. 24 సీసాలు పెడితే వారంలో 19 సీసాల్లో బూజు. కొన్నిటిలో నల్లగా, కొన్నిటిలో పచ్చగా దూది పరిచినట్టు. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఆ తేమ వల్లా?

ల్యాబ్_సీసా
తేమ కొంత కారణమే అమ్మా, బూజు రేణువులకి అది పండగ. కానీ అసలు సంగతి పంచదార. మొక్క కోసం పెట్టిన తిండి బూజుకి ఇంకా ఇష్టం, పైగా బూజు గంటల్లో పెరుగుతుంది, మొక్క వారాల్లో. ల్యాబ్‌లో 121 డిగ్రీల దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు ఆటోక్లేవ్ చేస్తాం, మీ కుక్కర్ ఆవిరి నిండా పట్టాక ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. అంతకన్నా ముఖ్యం సీసా మూత తీసే చోటు. మాకు లామినార్ ఫ్లో ఉంటుంది, వడగట్టిన గాలి లోపల్నుంచి మన ముఖం వైపు వీస్తుంది. మీరు ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, స్పిరిట్‌తో తుడిచిన గాజు తొట్టిని పక్కకి పడుకోబెట్టి దాని లోపల చేతులు పెట్టి పనిచేయండి. 24లో 5 మిగిలాయంటే మొదటిసారికి మంచి లెక్కే, నా మొదటి వారం అంతకన్నా అన్యాయం.

ఏయూ_బోటనీ
ఆర్కిడ్ విత్తనాలైతే ఇంకా ఆశ ఉంది. వాటి విత్తనంలో నిలవ తిండి ఉండదు, అడవిలో శిలీంధ్రం సాయం లేకపోతే మొలకెత్తవు. 1922లో నూడ్సన్ అనే ఆయన పంచదార కలిపిన మీడియం మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించాడు. మీరు చేస్తున్నది ఆ పనే.

పద్మనాభం_రైతు
పొద్దున్నే వెళ్ళి చూశాను. మా అబ్బాయి టేపు పట్టుకున్నాడు. పొట్టి మొక్క ఆకు పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 52. పక్కనున్న మంచి మొక్కది 150, 62. పొట్టి ఆకు చేత్తో పట్టుకుంటే రేకులా మందంగా ఉంది. వెలుతురుకి పెట్టి చూస్తే 44 మొక్కల్లో చుక్కలు గీతలు ఏమీ లేవు.

కానీ తూర్పు గట్టు వెంబడి మూడు మొక్కలున్నాయి. అవి వేరేగా ఉన్నాయి. ఆకులు సన్నగా, నిటారుగా నిలబడి, అంచులు పసుపు. కాడ మీద ఏఓ గారు చెప్పినట్టే తెగిన గీతలు, ఆకుపచ్చ పెన్సిల్‌తో గీసినట్టు. కాడ మొదట్లో ఒరలోపల నల్లటి పేనుబంక గుంపుగా ఉంది. చేతులు వణికాయి.

రిటైర్డ్_ఏఓ
మూడే కదా, సమయానికి చూశారు. ఇప్పుడు వరుసగా చేయండి. మొదట పీకొద్దు. పీకితే పేనుబంక లేచి పక్క మొక్కకి పోతుంది, వైరస్‌ని మోసేది అదే. ముందు పేనుబంకకి మందు ఒరల లోపలికి దిగేలా కొట్టండి. మర్నాడు దుంపతో సహా తవ్వి, దుంపని ముక్కలు చేసి, చిన్న పిలక కూడా మిగలకుండా కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. ఆకు ఒక్కటే నరికితే దుంప నుంచి వచ్చే ప్రతి పిలకా జబ్బుదే. తర్వాత రెండు నెలలు ఆ గట్టు వైపు వారానికోసారి ఇదే చూపు చూడాలి.

గట్టు అవతల ఏముంది?

పద్మనాభం_రైతు
మా బాబాయి వాళ్ళ పాత అరటి, ఇరవై ముప్పై దుబ్బులు. పట్టించుకునేవాళ్ళు లేరు. అందులో గెల వేయని దుబ్బులు చాలా ఉన్నాయి.

ల్యాబ్_సీసా
అయితే ఆ మూడిటికీ ల్యాబ్‌ని అనడానికి లేదు. ల్యాబ్ నుంచే వైరస్ వచ్చి ఉంటే నర్సరీ కవర్లోనే మొక్క కుచించుకుపోయేది, పొలమంతా అక్కడక్కడా కనిపించేది. వైరస్ ఎక్కాక కొత్తగా రెండు ఆకులు వచ్చేదాకా లక్షణం బయటికి రాదు. నాలుగో నెలలో, ఒక్క గట్టు వెంబడే వచ్చిందంటే పక్కనుంచి వచ్చినట్టే. 44 మాత్రం ల్యాబ్ ఖాతా. ఆకు వెడల్పుకి రెండింతల పొడవు కూడా లేదు, పొట్టి రకమే.

చక్కెరకేళి_పెద్దాయన
చూశారా, పిలక తోట మీద పడింది నింద.

ల్యాబ్_సీసా
నింద కాదు పెద్దాయనా. మీరు తల్లిని చూసి తీస్తారు, బాగా ఉన్నదాన్నే తీస్తారు. అందరూ మీలా తీయరు. సంతలో ట్రాక్టరు మీద పోసి అమ్మే పిలకకి తల్లి ఎవరో ఎవరికి తెలుసు? ల్యాబ్ విషయంలోనూ నేను అడిగేది అదే, తల్లి ఎవరు, పరీక్ష చేశారా.

ఇక్కడ ఒక అపోహ చెప్పాలి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. "టిష్యూ కల్చర్ కాబట్టి జబ్బు ఉండదు" అని అమ్ముతారు. 1952లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ వైరస్ పట్టిన డాలియా నుంచి శుభ్రమైన మొక్క తీశారు, నిజమే. కానీ వాళ్ళు తీసింది చిగురు కొసలో మిల్లీమీటరులో కొంత భాగం, అంత చిన్న ముక్కలోకి వైరస్ ఇంకా చేరి ఉండదు. అరటి ల్యాబుల్లో మామూలుగా పెట్టేది సెంటీమీటరు దాకా ఉండే ముక్క. తల్లికి వైరస్ ఉంటే ఆ ముక్కలోనూ ఉంటుంది, సీసాలో మొగ్గలతో పాటు అదీ ఆరువేలవుతుంది. అందుకే తల్లి మొక్కకి ఎలైజా, పీసీఆర్ అనే వైరస్ పరీక్షలు చేయించాలి. 2006లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం టిష్యూ కల్చర్ మొక్కలకి జాతీయ ధ్రువీకరణ పద్ధతి పెట్టింది ఇందుకే. గుర్తింపు ఉన్న ల్యాబ్ బ్యాచ్‌లకి సర్టిఫికెట్ లేబుల్ ఉంటుంది. మొక్క నిగనిగలాడుతోందా అని కాదు, లేబుల్ ఏది అని అడగండి.

ఏయూ_బోటనీ
దీనికి ఒక తిరకాసు కూడా ఉంది. మన కర్పూర చక్కెరకేళి లాంటి రకాల్లో అడవి అరటి బాల్బిసియానా వాటా ఉంది. ఆ వాటా ఉన్న కొన్ని రకాల జన్యువుల్లోనే, ఆకు మీద చారలు తెచ్చే స్ట్రీక్ వైరస్ ముక్కలు ఇరుక్కుని నిద్రపోతుంటాయి. టిష్యూ కల్చర్ ఒత్తిడికి అవి లేచి నిజమైన వైరస్‌గా మారగలవు. అంటే తల్లి ఆకు మీద ఒక్క చార లేకపోయినా పిల్లకి జబ్బు రావచ్చు. జీ-9 పూర్తిగా అక్యుమినాటా అనే ఇంకో అడవి అరటి వైపుది, దానికి ఆ బెడద లేదు. ల్యాబులు జీ-9నే పట్టుకు వేలాడడానికి మార్కెట్ ఒక్కటే కారణం కాదు.

భీమిలి_శ్రావణి
మా వదిన పిల్లలకి ఈ అరటిపళ్ళు పెట్టనివ్వదు, జన్యుమార్పిడి అంటుంది. నిజమా?

ఏయూ_బోటనీ
కాదండీ. జన్యుమార్పిడి అంటే వేరే జన్యువు తెచ్చి పెట్టడం, 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ పత్తి లాగా. అరటిలోనూ ఒకటి ఉంది, క్యూకావ్-4 అని, 2024లో ఆస్ట్రేలియాలో అనుమతి ఇచ్చారు. రైతుబజారులో దొరికే జీ-9 అది కాదు. దీనిలో కొత్తగా ఏ జన్యువూ పెట్టలేదు, పిలకని సీసాలో పెంచారంతే. వదిన గారికి ధైర్యంగా చెప్పండి.

అనకాపల్లి_చెరకు
మా చెరకు సంగతి కూడా చెప్పాలి, అరటిలా ఉండదు ఇది. అనకాపల్లి పరిశోధన స్థానం 1913 నుంచి ఉంది, మా తాతల కాలం నుంచి కొత్త రకం అంటే అక్కడికే పోవడం. గడ్డి దుబ్బు తెగులు ముచ్చెతో పాటు వస్తుంది. 52 డిగ్రీల వేడినీళ్ళలో అరగంట ముంచి నాటితే కొంత తగ్గుతుంది, నీళ్ళ వేడి పెరిగితే మొలక దెబ్బతింటుంది. అందుకని మూడేళ్ళ క్రితం టిష్యూ కల్చర్ మొక్కలు వేశాను. మొదటి సంవత్సరం చూసి ఏడుపొచ్చింది. దుబ్బుకి పిలకలు గంపెడు, గడలు మాత్రం వేలంత సన్నం. ఇదేం బెల్లం ఆడతాం అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది మిల్లుకి కాదట, విత్తనానికట. ఆ సన్నగడల్నే ముచ్చెలు కొట్టి రెండో ఏడు వేస్తే గడ మామూలు లావుకి వచ్చింది, తోటలో గడ్డి దుబ్బు వెతికినా దొరకలేదు. ఈ ముక్క అమ్మిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఏడాది దిగులు తప్పేది.

చక్కెరకేళి_పెద్దాయన
నా అసలు అభ్యంతరం జబ్బు గురించి కాదు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. మా ఊళ్ళో ఒకాయన రెండెకరాలు టిష్యూ కల్చర్, అంతా ఒకే వయసు, మొత్తం గెల మీద ఉంది. తెల్లారేసరికి ఒక్క చెట్టు నిలబడలేదు. నా పిలక తోటలో గెల వేసినవి పడిపోయాయి, వేయనివి చిన్నవి నిలిచాయి. వాటితోనే మళ్ళీ లేచాను. అన్నీ ఒక్కసారే కోతకి రావడం గొప్ప అంటారు, ఒక్కసారే పోవడం ఎవరూ చెప్పరు.

రిటైర్డ్_ఏఓ
పెద్దాయన మాట కాదనలేను. హుద్‌హుద్ తర్వాత తోటలు తిరిగి నష్టం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను, పడిపోయిన గెలల మధ్య రైతు పక్కన నిలబడి అంకెలు రాయడం మరిచిపోలేని పని. దానికి విరుగుడు నాటే నెలలో ఉంది. డిసెంబరు జనవరిలో నాటితే సరిగ్గా తుపాన్ల రోజుల్లో గెల మీద ఉంటుంది. పద్మనాభం రైతు గారిలా జూన్‌లో నాటితే అక్టోబరు నవంబరు గాలులకి చెట్టు చిన్నది, మీద బరువు లేదు. ఎకరం మొత్తం ఒకేసారి కాకుండా సగం సగం నాటినా మంచిదే.

గాజువాక_వెంకీ
తుపాను సరే, జబ్బు వచ్చినా అంతే కదా? అన్నీ ఒకే క్లోన్ అయితే ఒకదానికి వచ్చింది అన్నిటికీ వస్తుంది.

ఏయూ_బోటనీ
సరిగ్గా పట్టుకున్నావు తమ్ముడూ. ప్రపంచ మార్కెట్‌ని ఏలిన గ్రో మిషెల్ అనే అరటి అలాగే పోయింది, పనామా తెగులు తోటలకి తోటలు తినేస్తే 1950ల తర్వాత కావెండిష్ అనే ఇంకో అరటికి మారారు. జీ-9 ఆ కావెండిషే. ఇప్పుడు దాన్ని కూడా చంపే టీఆర్-4 అనే పనామా తెగులు రకం వచ్చింది, మన దేశంలో బీహార్ వైపు కనబడింది. అది నేలలో ఉండే బూజు, ఎంత శుభ్రమైన ల్యాబ్ మొక్క తెచ్చినా ఆ నేలలో పెడితే పోతుంది.

ఇప్పుడు ఇంకోవైపు చూడండి. తైవాన్‌లో ఈ జబ్బు వచ్చినప్పుడు అక్కడి అరటి పరిశోధన సంస్థవాళ్ళు వేల టిష్యూ కల్చర్ మొక్కల్ని జబ్బు నేలలోనే నాటారు. చాలా పోయాయి, కొన్ని నిలబడ్డాయి. నిలబడినవి ఏవి? సీసాలో దారి తప్పినవే. వాటి నుంచి వచ్చిందే ఫార్మోసానా అనే రకం, తట్టుకుంటుంది. రైతు గారి తోటలో నష్టం తెచ్చిన తప్పే అక్కడ తోటల్ని బతికించింది.

పద్మనాభం_రైతు
చదువుతుంటే బాగుంది బాబూ, కానీ నా 44 పొట్టివి ఏం చేయను? ఉంచితే గెల వేస్తాయా?

ల్యాబ్_సీసా
వేస్తాయి, కానీ హస్తాలు ఇరుక్కుని, కాయ కురచగా వస్తుంది, గెల సరిగ్గా బయటికి దిగదు. బేరగాడు పక్కన పెడతాడు. ఎరువు దండగ. తీసేయండి. వాటి పిలకలు మాత్రం ఎక్కడా నాటొద్దు, ఆ తేడా పిలకకి కూడా పోతుంది.

రిటైర్డ్_ఏఓ
తీసేముందు ప్రతి మొక్కకి ఫోటో, వరుస నంబరు, పక్కన మంచి మొక్క కనబడేలా. బిల్లు, లాట్ నంబరు ఉంటే భద్రం చేయండి. ఉద్యాన అధికారిని పిలిచి చూపించి ఒక నివేదిక రాయించుకోండి, ఆ తర్వాతే గునపం దించండి. ఆ కాగితంతో నర్సరీకి వెళ్ళండి. వినకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు మన ఆంధ్ర రైతుల కేసులోనే తేల్చింది. బంచీ టాప్ మూడిటినీ ఆ లెక్కలో కలపకండి. కలిపితే మిగతా 44 గురించి మీరు చెప్పేది కూడా నమ్మరు.

పెందుర్తి_షేడ్‌నెట్
ఏఓ గారు చెప్పినట్టు కాగితంతో వెళ్ళండి. పరువున్న నర్సరీ అయితే మొక్కలు మార్చి ఇస్తుంది. నేనైతే ఇస్తాను.

పద్మనాభం_రైతు
నిన్న ఉద్యాన అధికారి వచ్చి చూశారు, 44 పొట్టి రకం అని రాసిచ్చారు. ఆ కాగితం చూపిస్తే నర్సరీవాళ్ళు ఫోన్లో అన్న మాట మళ్ళీ అనలేదు, వచ్చే సీజన్‌కి 50 మొక్కలు ఇస్తామన్నారు. రాసివ్వమన్నాను, రాసిచ్చారు. మూడు బంచీ టాప్ మొక్కలు ముందురోజు మందు కొట్టి ఇవాళ దుంపలతో తీసి కాల్చాం. బాబాయితో మాట్లాడాను, మొదట కోపం వచ్చింది ఆయనకి, ఆకు వెలుతురుకి పెట్టి చూపిస్తే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. పాత దుబ్బులు ఆదివారం ఇద్దరం కలిసి తీసేస్తాం.

ఇక ఈ ఖాళీల్లో దోస పెడదామని విత్తనాలు తెచ్చాను. పెట్టొచ్చా?

ల్యాబ్_సీసా
దోస, గుమ్మడి, బీర ఏవీ వద్దు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ వాటి మీద ఉంటుంది, పేనుబంక దాన్ని అరటికి ఎక్కిస్తుంది. టమాటా, మిరప కూడా వద్దు. ముల్లంగి వేసుకోండి, నలభై యాభై రోజుల్లో చేతికొస్తుంది, ఈలోగా అరటి ఆకు కమ్ముకుంటుంది.

పద్మనాభం_రైతు
సరే, దోస విత్తనాలు మా చెల్లెలికి ఇచ్చేస్తాను, వాళ్ళది కొండవాలు, దగ్గర్లో అరటి లేదు. ముల్లంగే వేస్తాను.